వెలుగు గదిలో బావ వంతు

కళ్లు మూసుకోవద్దని చెప్పారు గానీ ఈ వెలుగు ముందు కూర్చున్నవాళ్లెవరూ మొదట్లో కళ్లు తెరిచి ఉంచలేరు, నేనూ ఉంచలేకపోతున్నాను, రెప్పల వెనక అంతా ఎరుపు, వెచ్చటి ఎరుపు, పొద్దున చీకట్లో లోపలికొచ్చి సాయంత్రం చీకట్లో బయటికి పోయే మనుషులకి ఇలాంటి రంగొకటి ఉందనే గుర్తుండదు. అందరూ దీపం అంటారు, నిజానికి ఇది కిటికీ అంత తెల్లటి పలక, బల్ల మీద నిలబెట్టి ఉంటుంది, మా లాండ్రీలో ఇదివరకు చిరిగిన దుప్పట్లు పడేసే కొట్టు ఈ గది, ఇప్పుడు వెలుగు గది అయింది. పలక ముందు ఒక కుర్చీ, కుర్చీలో ఎవరో పాత తువ్వాలు నాలుగు మడతలు పెట్టి మెత్తగా వేశారు, ఎవరూ వేయమనలేదు, ఎవరు వేశారో చెప్పనూ లేదు, ఇస్త్రీ రోలర్ల దగ్గరి ఆడవాళ్లే అయి ఉంటారు, మడత అంచులు అంత సరిగ్గా కలిపేది వాళ్లే. ఇలాంటివి చూసుకుంటూనే నేను ఈ రెండు మూడేళ్లూ గడిపాను. మా ఆవిడ పోయాక మొదటి చలికాలం నన్ను బతికించినవి పెద్ద పెద్ద ఓదార్పులు కావు, ఎవరో నా గ్లాసు కడిగి పెట్టడం, ఎవరో నా వైపు కిటికీ మూయడం, ఎదురింటావిడ ఏమీ అడగకుండా ఉండడం.

ఈ అరగంట నాది కాదు, బావది. బయట గుమ్మం పక్కన కట్టిన తాడుకి బావ క్లిప్పు వేలాడుతోంది, చెక్క బట్టల క్లిప్పు, దాని మీద బొగ్గుతో గీసిన చిన్న మంట బొమ్మ, బాయిలరు చూసుకునే మనిషి కదా. మాకందరికీ తలా ఒక క్లిప్పు ఉంది, ఎవరి గుర్తు వాళ్లది, నాది సిరా చుక్క, గదిలోకి వెళ్లేముందు క్లిప్పు తాడుకి తగిలించాలి, సాయంత్రం మేనేజరు వచ్చి ఎవరెవరు కూర్చున్నారో చూసి క్లిప్పులు తీసి బుట్టలో వేస్తాడు, పొద్దున ఎవరిది వాళ్లు తీసుకోవాలి. బట్టలుతికే చోట ఇంతకంటే సులువైన పద్ధతి ఏముంటుంది. ఇవాళ మధ్యాహ్నం నేను మచ్చల బల్ల దగ్గర నిలబడి ఆసుపత్రి దుప్పటి మీద అయోడిన్ మరకతో కుస్తీ పడుతుంటే బావ వచ్చి ఆ క్లిప్పు నా చొక్కా జేబు అంచుకి పట్టించాడు. మాస్టారూ, పాలిపోయి సున్నం కొట్టిన గోడలా ఉన్నారు, నా వంతు మీరు కూర్చోండి, అన్నాడు. నువ్వో, అన్నాను. నాకు మంట దగ్గర లేని వెలుగా, అని నవ్వాడు, వెళ్లబోతూ వెనక్కి తిరిగి, క్లిప్పు మళ్లీ నాకివ్వక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండి, అన్నాడు. సరే అన్నాను. మరక మీద చెయ్యి ఆడిస్తూనే సరే అన్నాను.

ఈ లాండ్రీలో అతనికి అమ్మా నాన్నా పెట్టిన పేరు వాడేవాళ్లు లేరు, ముసలి కాపలావాడి దగ్గర్నుంచి మేనేజరు దాకా బావే, ఎవరికీ ఏమీ కాని మనిషి అందరికీ బావ అయ్యాడు, ఆడవాళ్లు మాత్రం అన్నయ్యా అంటారు, మా ఆయన చెవిన పడితే ఇంకేమన్నా ఉందా అని. అతనికి పెళ్లి కాలేదు, ఒక అక్క ఉంది, దూరం, ఒక గది ఉంది, దానికి కిటికీ లేదు. వేసవిలో బావని చూస్తే ఎవరైనా పెళ్లివారింటి మనిషి అనుకుంటారు, ఎక్కడ నవ్వు వినిపిస్తే అక్కడ ఉంటాడు, పొద్దు తగ్గడం మొదలవగానే నూనె అయిపోతున్న బండిలా ఒక్కొక్క మాటా ఆగిపోతుంది, అన్నం ముందు కూర్చుని మెతుకులు అటూ ఇటూ జరుపుతుంటాడు, ప్రతి ఏడూ అంతే, బావకి చలికాలం పడదు అనుకునేవాళ్లం, ఒకరికి గుమ్మడికాయ పడదు అన్నట్టు. పోయిన చలికాలం వరసగా కొన్నాళ్లు పనికి రాకుండా ఉండిపోయాడు. నేను వెళ్లి తలుపు కొడితే చాలాసేపటికి తీశాడు, పగలు, అయినా లోపల చీకటి, మంచం మీద కూర్చున్న చోటే గుంట పడి ఉంది. ఏం లేదు మాస్టారూ, లేవబుద్ధి కాలేదు, అన్నాడు, ఏదో నేరం ఒప్పుకున్నట్టు.

అప్పుడే నేను మేనేజరు దగ్గరికి పోయాను. అతను చెడ్డవాడు కాదు, బల్ల కింద కాళ్ల దగ్గర హీటరు పెట్టుకుని, నన్ను చూడగానే దాన్ని నా కాళ్ల వైపు తిప్పాడు, అది నేను మరిచిపోను. చీకటి రోజుల్లో మనసు కుంగేవాళ్లకి ఇలాంటి వెలుగు పలకలు ఉంటాయనీ, పొద్దుటి పూట కాసేపు కూర్చుంటే మేలు చేస్తాయనీ ఎక్కడో చదివాను, బావ కోసం ఒకటి తెప్పించమన్నాను. ఒక్కడి కోసం అంటే పై ఆఫీసు ఒప్పుకోదు మాస్టారూ, అందరికీ అంటే ఒప్పుకుంటుంది, అన్నాడు మేనేజరు. అందరికీ అనే అడిగాం. ఒప్పుకున్నారు. వెలుగు గది వచ్చింది, వంతులు వచ్చాయి, వారానికోసారి వచ్చి అందరితో మాట్లాడే సలహాల అమ్మాయి వచ్చింది, వేడి వేడి టీ ఇంకో పూట ఎక్కువ వచ్చింది. పొద్దుటి వంతులే మంచివని ఆ అమ్మాయి చెబుతూనే ఉంది, అందరం పొద్దున్నే కూర్చుంటే రోలర్లు ఎవరు నడుపుతారని సాయంత్రం దాకా సర్దారు, ఎవరి వేళా స్థిరం కాదు, వారం వారం మారుతుంది. అయినా మనుషుల్లో తేడా కనిపించింది, అబద్ధం ఎందుకు, ఇస్త్రీ వైపు మళ్లీ పాటలు వినిపిస్తున్నాయి, ట్రాలీలు తోసే అతను జనంతో గొడవలు తగ్గించాడు. బావ కూడా ఈ నడుమ తేలికపడ్డాడు. అవును, బావ కూడా. పది రోజులుగా నవ్వుతున్నాడు.

టైమరు టిక్కుటిక్కుమంటోంది. కళ్లు తెరిచాను. వెలుగులో నా చేతులు నావి కానట్టున్నాయి, రసాయనాలకి తోలు ఊడిన వేళ్లు, ఆ వేళ్లు చూసి ఆవిడ నవ్వేది, కాలేజీలో నాలుగేళ్లు కెమిస్ట్రీ చదివి ఊరందరి మరకలు కడుగుతున్నారు, మన ఇంట్లో టీ మరక మాత్రం నేనే కడగాలి. ఆసుపత్రికి వెళ్లే ముందు నెలలో ఆవిడ నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టి వంట నేర్పింది. పెళ్లయిన ఇన్నేళ్లకి ఇదేం సరదా అన్నాను. ఊరికే, చూద్దాం మీకు వస్తుందో రాదో, అంది, బియ్యంలో నీళ్లు వేలితో కొలవడం, మంట ఎప్పుడు తగ్గించాలో వాసన పట్టి చెప్పడం, నేను తప్పు చేస్తే చెంచాతో చేతి మీద చిన్న దెబ్బ, ఇద్దరం ఎంత నవ్వుకున్నామో, అంత బాగా నవ్వుకున్న నెల మా కాపురంలో ఇంకొకటి లేదు, నేను దాన్ని సంతోషం అనుకున్నాను, సంతోషమే కూడా, కానీ ఆవిడకి తెలుసు, ఆవిడ నాకు వంట నేర్పడం లేదు, తను లేని వంటింటికి నన్ను తయారుచేస్తోంది.

ఎందుకు ఇప్పుడు ఇది. బావ కొత్త ఆపరేటరుకి బాయిలరు నేర్పుతున్నాడు. దానివల్లే గుర్తొచ్చి ఉంటుంది. నడివయసు మనిషి, నెమ్మది, కొత్తగా చేరాడు, బావ అతన్ని పక్కన నిలబెట్టుకుని ఒక్కొక్క వాల్వు తిప్పించి, ఆవిరి ఎక్కువైతే ఏ చప్పుడొస్తుందో, తక్కువైతే పైపు ఎలా వణుకుతుందో, చెవి పెట్టి వినమని, మళ్లీ తిప్పమని, ఎంత ఓపిగ్గా. అంత తొందరేముంది బావా, చలికాలమంతా ఉంది కదా నేర్పడానికి, అన్నాను మొన్న. రావాలి మాస్టారూ, ఇతనికి అన్నీ వచ్చేయాలి, అన్నాడు.

గోడకి అవతల ఎవరో నవ్వారు. గోడంటే చెక్క, మధ్యలో సందులు, అటువైపు ఇస్త్రీ వాళ్లు దుప్పట్లు మడిచే బల్ల, వాళ్ల మాటలు పక్కనే కూర్చున్నట్టు వినిపిస్తాయి.

"నిన్న మా ఆయన అడిగాడే, మొహం ఇంత తేటగా ఉంది, ఏం రాసుకున్నావని."

"ఏం చెప్పావు?"

"చెప్పడానికేముంది, నా వంతు కాక అన్నయ్య వంతు కూడా కూర్చున్నా. పొద్దుటి వంతు!"

"ఏ అన్నయ్య, బాయిలరు అన్నయ్యా? నీకూ ఇచ్చాడా?"

"నీకూనా?"

"పిల్లకి జ్వరం, రాత్రుళ్లు నిద్రలేదని అన్నానో లేదో, ఇదిగో చెల్లెమ్మా అని క్లిప్పు చేతిలో పెట్టాడు."

"పోవే, నేనొక్కదాన్నే ముద్దుల చెల్లెల్ని అనుకున్నా ఇన్నాళ్లూ."

ట్రాలీ చక్రాలు కిర్రుమని ఆగాయి, ట్రాలీ తోసే అతని గొంతు. "చెల్లెళ్లకేనా? బావమరుదులం మేం చచ్చామా? పోయిన వారం నాకిచ్చాడు, అంతకు ముందు వారం కూడా."

"అందుకేనా నువ్వు మనిషిలా మాట్లాడుతున్నావు!"

"కాపలా తాతకి కూడా ఇచ్చాడంట."

"మరి అన్నయ్య ఎప్పుడు కూర్చుంటాడే?"

"రోజూ కూర్చుంటాడుగా. తాడుకి ఆయన క్లిప్పు లేని రోజుందా? మేనేజరుగారు కూడా అన్నారు, అందరికంటే శ్రద్ధగా కూర్చునేది బావే అని."

నవ్వులు. చక్రాలు మళ్లీ కదిలాయి. దుప్పటి దులిపిన చప్పుడు.

నేను కదల్లేదు. పలక తెల్లగా వెలుగుతోంది, దానికి వేడి ఉండదు, ముందు కూర్చుంటే వెచ్చగా ఉన్నట్టు మనమే అనుకుంటాం. పిల్ల జ్వరం తల్లికి, ట్రాలీ అతనికి, తాతకి, ఇవాళ నాకు. ఒకటి రెండుసార్లే కదా ఇచ్చాడు అనుకున్నారు ఒక్కొక్కరూ, నేనూ అలాగే అనుకున్నాను, మంచివాడు ఒకసారి తన వంతు ఇస్తే అందులో వింతేముంది, ఎవరికి వాళ్లం మనకే ఇచ్చాడని సంబరపడ్డాం, ఎవరికి వాళ్లం ఇంకొకరితో చెప్పుకోలేదు, చెబితే వాళ్లూ అడుగుతారేమోనని. క్లిప్పు మాత్రం రోజూ తాడుకి ఉంది, మంట బొమ్మ కనబడేలా. అతని కోసం అడిగి తెప్పించిన వెలుగు. ముక్కలు ముక్కలుగా మేమే తినేశాం.

సలహాల అమ్మాయి మొదటి రోజు భోజనాల గదిలో మాట్లాడింది, రోలర్లు ఆపేశాక చెవుల్లో ఇంకా హోరు, సగం మందికి కునుకు. ఎవరైనా బాగా కుంగి ఉన్నవాళ్లు ఉన్నట్టుండి తేలికపడినట్టు కనిపిస్తే, తమవి అనుకున్నవి పంచిపెట్టేస్తుంటే, పోనీలే బాగుపడ్డాడని ఊరుకోకండి, దగ్గరికెళ్లి అడగండి, అంది. ఏమని అడగాలమ్మా, అన్నాడు కాపలా తాత. సూటిగానే, చచ్చిపోవాలని ఉందా అని, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు తాతా, ఉన్న ఆలోచనకి తోడు దొరుకుతుంది, అంది. గది చల్లబడిపోయింది. అప్పుడు ట్రాలీ అతను, మా ఆవిడ పంచేవి తిట్లేనండీ, మరి భయపడాలంటారా, అన్నాడు, అందరూ గొల్లుమన్నారు, అందరికంటే గట్టిగా బావ, కళ్లల్లోంచి నీళ్లు కారేదాకా నవ్వాడు, చొక్కా చేతితో తుడుచుకున్నాడు. నేను అతని పక్కనే కూర్చున్నాను. అతని మోకాలు నా మోకాలికి తగులుతోంది. ఆ నవ్వు ఆగాక మోకాలు వణుకుతూనే ఉంది, చలికి అనుకున్నాను.

మఫ్లరు. ఆ ఊలు మఫ్లరు కొత్త ఆపరేటరు మెడలో చూశాను నిన్న. బావ టీ గ్లాసు, సత్తు గ్లాసు, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు, ఇస్త్రీ బల్ల మీద ఉంది, అందులో గుండుసూదులు వేసుకున్నారు.

కాదు, నాకు అలవాటైపోయింది, ఇంట్లో ఒకరు పోయినవాడికి ప్రతి గుమ్మంలోనూ అదే కనిపిస్తుంది, ఎవరు దగ్గినా, ఎవరు ఆలస్యంగా వచ్చినా. మనిషి గ్లాసు ఇస్తే చచ్చిపోతాడా. మఫ్లరు ఇస్తే చచ్చిపోతాడా. నా పని మచ్చలు, ఏ మచ్చో తెలియకుండా తొందరపడి చెయ్యి వేయకూడదు, రక్తం మరకని వేడినీళ్లలో ముంచారంటే అది దుప్పటితోనే పోతుంది ఇక, ముందు చూడాలి, వాసన చూడాలి, చల్లటి నీటి చుక్క వేసి ఆగాలి. ఆగుతాను. ఈ అరగంట పూర్తవనీ. వంతు మధ్యలో లేచిపోతే బావ బాధపడతాడు, ఎంత ప్రేమగా ఇచ్చాడు, పాలిపోయారు మాస్టారూ అని, ఇంకొంచెం కూర్చుని తీరిగ్గా బాయిలరు గదికి పోయి, టీ తాగుతూ, మాటల్లో పెట్టి, మెల్లిగా అడుగుతాను, రోజూ ఈ వేళకి అక్కడే కదా నేను.

రోజూ ఈ వేళకి అక్కడే కదా నేను. మచ్చల బల్ల తుడిచేసి, గ్లాసు పట్టుకుని, బాయిలరు గదిలో పైపుల పక్కన ఆ తిరగేసిన డబ్బా మీద కూర్చుంటాను, ఆవిడ పోయిన మరుసటి వారం నుంచీ, పనికి తిరిగొచ్చిన రోజు అతనే వచ్చి ఆ డబ్బా తుడిచి చూపించాడు, ఇక్కడ వెచ్చగా ఉంటుంది మాస్టారూ, ఎవరూ రారు, మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి, లేకపోతే లేదు. మాట్లాడలేదు చాలా రోజులు. అతనూ మాట్లాడించలేదు. రోజూ సాయంత్రం షిఫ్టు చివర్లో ఈ అరగంట బావ ఒంటరిగా ఉండడు, నేనుంటాను. ఇవాళ నేను లేను. ఇవాళ నన్ను తలుపు వేసిన గదిలో, తెల్లటి పలక ముందు, టైమరు మోగేదాకా కదలనివ్వని కుర్చీలో కూర్చోబెట్టాడు.

ఎప్పుడు లేచానో తెలియదు, కుర్చీ వెనక్కి పడిన చప్పుడు విన్నాను, తలుపు తీస్తే ఏమీ కనిపించలేదు, ఆ వెలుగులోంచి వచ్చిన కళ్లకి హాలంతా మసి, నడుమ తెల్లగా దుప్పట్లు తేలుతున్నాయి, చేయి చాచి నడిచాను, ఎవరిదో భుజం తగిలింది. "ఏంటి మాస్టారూ, దెయ్యాన్ని చూశారా?" పిల్ల జ్వరం తల్లి. బావ ఎక్కడ, అన్నాను. "బాయిలరు దగ్గరే ఉంటాడు, ఇంకెక్కడుంటాడు," అని నా మొహం చూసి నవ్వు ఆపేసింది. మేనేజరుకి చెప్పు, సలహాల అమ్మాయికి ఫోన్ చెయ్యమను, ఇప్పుడే, బావ సంగతి అని చెప్పు, అన్నాను. ఏ సంగతి అని అడగలేదు ఆమె, చేతిలో దుప్పటి అక్కడే వదిలేసి పరిగెత్తింది, నేల మీద పడ్డ దుప్పటిని ఎప్పుడూ చూడలేదు నేను ఆమె దగ్గర.

మెట్లు దిగి బాయిలరు గది. కొత్త ఆపరేటరు ఒక్కడే ఉన్నాడు, మెడలో మఫ్లరు, గేజి ముందు బుద్ధిగా నిలబడి ఉన్నాడు. నా డబ్బా గోడ వైపుకి జరిపి ఉంది.

"బావేడి?"

"పైకెళ్లారండీ, మిద్దె మీదికి. కాస్త గాలి పీల్చుకుంటానన్నారు."

"ఎంతసేపైంది?"

"మీరు వెలుగు గదిలోకి వెళ్లారా అని కనుక్కుని, అప్పుడే వెళ్లారు." గేజి మీంచి చూపు తిప్పి అన్నాడు. "నాతో చెయ్యి కలిపారండీ వెళ్తూ. ఇంక నీకెవరూ చెప్పక్కర్లేదు అన్నారు. నేనేమైనా తప్పు చేశానా?"

లేదన్నానో అనలేదో. మెట్లు, ఇనుప మెట్లు, గోడలకి పైపులు, పైకి వెళ్తున్న కొద్దీ వెచ్చదనం పలచబడుతోంది, వేసవిలో ఈ మెట్ల మీద తడి దుప్పట్లు భుజాన వేసుకుని ఎక్కేవాళ్లం, చలికాలం మిద్దె తలుపుకి గడియ వేసి ఉంటుంది, గడియ తీసి ఉంటే, తీసే ఉంటుంది, దేవుడా, నేను నిన్ను ఏమీ అడగడం మానేసి చాలా కాలమైంది, ఆసుపత్రి వరండాలో మానేశాను, ఇప్పుడు కూడా అడగడం లేదు, ఊరికే పిలుస్తున్నాను, ఊపిరి ఆడనప్పుడు నోట ఏదో మాట ఉండాలి కదా, ఇంకొక మలుపు, ఇవాళ మధ్యాహ్నం ఆ క్లిప్పు జేబుకి పట్టించినప్పుడు అతని చెయ్యి నా గుండె మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగింది, ఆగిందా, ఇప్పుడు నేను కల్పించుకుంటున్నానా, ఆవిడ చెయ్యి కూడా, వద్దు, ఆవిడ వద్దు ఇప్పుడు. గడియ తీసి ఉంది.

మంచు. మిద్దెంతా మంచు, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు, ఆరేసే తీగలు ఖాళీగా, ఒక్కొక్క తీగ కింద నీటి చుక్కలు వరసగా, పడకుండా. పగలు పోతోంది, పూర్తిగా పోలేదు, కింద వీధిలో దీపాలు వెలిగాయి కాబోలు, పిట్టగోడ అవతల మంచు పసుపుగా ఉంది. ఆ పసుపులో ఒక వీపు. బావ పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు, కాళ్లు అటువైపు వేసి. ఇంత చలిలో ఒంటి మీద చొక్కా ఒక్కటే.

పిలవలేదు నేను. పిలిస్తే ఉలిక్కిపడతాడేమో. గచ్చు మీద అడుగు ఈడుస్తూ నడిచాను, నేను వస్తున్నానని తెలిసేలా.

"వంతు పూర్తికాకుండానే వచ్చేశారేంటి మాస్టారూ," అన్నాడు, వెనక్కి తిరగకుండా.

"కళ్లు మండాయి."

"వృథా చేశారు."

"నువ్వెన్నిసార్లు కూర్చున్నావు బావా అందులో?"

కింద ఎక్కడో బండి హారను. బావ అరచేతులు గోడ అంచు మీద ఆనించి ఉన్నాయి, అవి మాత్రమే చూస్తూ నడుస్తున్నాను.

"ఒక్కసారి. మొదటి రోజు." గొంతులో బాధ లేదు, అదే నాకు భయం, వాతావరణం సంగతి చెబుతున్నట్టుంది. "అందరూ మొహాలు వెలిగిపోతూ బయటికొచ్చారు. నాకేం కాలేదు. ఎలా వెళ్లానో అలానే వచ్చాను. ఆ వెలుగు నా మీద పడి పాడవడం ఎందుకు, పనికొచ్చేవాళ్లకి పనికొస్తుంది కదా అని."

"ఒక్కసారికే తెలుస్తుందా?"

"నాకు తెలిసింది."

ఇప్పుడు అడగాలి. ఈ మాట నా నోట ఎప్పుడూ రాలేదు, ఆవిడతో కూడా ఆ చివరి నెలంతా ఆ మాట చుట్టూ తిరిగాం ఇద్దరం, పొయ్యి చుట్టూ తిరిగినట్టు, నవ్వుతూ. ఎవరూ ఎవర్నీ అడగలేదు.

"చచ్చిపోవాలని ఉందా బావా?"

మాట బయటపడి మంచులో నిలబడింది. అతను తల తిప్పాడు. నవ్వు లేదు ఆ మొహంలో, పది రోజులుగా చూసిన నవ్వు ఎక్కడా లేదు, దాని కింద ఇన్నాళ్లూ ఉన్న మొహం ఇది, పోయిన చలికాలం తలుపు తీసిన మొహం, ఇంకా చిక్కిపోయి.

"కిందికెళ్లండి మాస్టారూ. చలి. మీకు పడదు."

అది జవాబే. నేను ఇంకో రెండడుగులు వేసి అతని మణికట్టు పట్టుకున్నాను, రెండు చేతులతో, తోలు ఊడిన ఈ వేళ్లతో ఎంత గట్టిగా పట్టగలనో అంత గట్టిగా, గోడకి ఇవతల కూలబడ్డాను, నా బరువంతా అతని చేతికి వేలాడేలా. గచ్చు తడి బట్టల్లోంచి ఒంట్లోకి పాకింది. అతని చెయ్యి చల్లగా, రాయిలా, ఎటూ లాగడం లేదు. లాగితే బాగుండుననిపించింది. ఏదైనా చెప్పాలి, అందరూ నిన్ను ఎంత ప్రేమిస్తున్నారో అని చెప్పాలి కాబోలు, కానీ ఆ ప్రేమంతా అతని దగ్గర తీసుకున్నదే, దాన్నే మళ్లీ చూపించి ఏం బతిమాలను. నేను ఉండలేను అని చెప్పొచ్చు. నిజమే. కానీ అది కూడా ఇంకొకటి తీసుకోవడమే. పట్టుకుని ఉన్నాను. మసక ముదిరింది, కింద మెట్ల మీద ఎవరో ఎక్కి వస్తున్న చప్పుడు, చాలా కింద, తొందర తొందరగా, వాళ్లు వచ్చేదాకా, అంతే, వాళ్లు వచ్చేదాకా ఈ వేళ్లు.

"వదలండి మాస్టారూ," అన్నాడు. "నొప్పెడుతోంది."

వదల్లేదు.

"నిజంగా నొప్పెడుతోంది."

"ఎక్కడ?" అన్నాను.

"చెయ్యి."

"ఇంకా ఎక్కడ?"

మెట్ల మీద అడుగులు ఎక్కడో ఆగి మళ్లీ మొదలయ్యాయి. అతని మణికట్టు లోపల నాడి నా బొటనవేలి కింద కొట్టుకుంటోంది, తప్పిపోయినట్టు, దొరికినట్టు, మళ్లీ తప్పిపోయినట్టు. వాళ్లు రావాలనుకున్నాను, వాళ్లు వస్తే ఇతను ఏమైపోతాడోననుకున్నాను.

"పొద్దున," అన్నాడు. అని ఆగాడు. పెదవులు చలికి సరిగా కలవడం లేదు. "పొద్దున్నే. బూట్ల తాళ్లు కట్టుకోవడానికి వంగినప్పుడు."

"ఊఁ," అన్నాను, అతని కాళ్లు ఇంకా అటువైపే ఉన్నాయి, "చెప్పు."